లోపలి చెవి జబ్బులు, తల తిరుగుడు

ఒళ్ళు కదలకుండా ఉన్నా తానో, చుట్టూ ఉన్న గదో గిర్రున తిరుగుతున్నట్టు అనిపించే స్థితిని వైద్యులు వర్టిగో అంటారు. కూర్చున్నవాళ్ళు లేవగానే కళ్ళు బైర్లు కమ్మడం, ఆకలికో నీరసానికో ఒళ్ళు తూలడం దీని కిందికి రావు. వాటికి రక్తపోటు పడిపోవడం, రక్తం తక్కువగా ఉండడం, చక్కెర తగ్గడం వంటి వేరే కారణాలుంటాయి. గోడలు, పైకప్పు నిజంగా తిరుగుతున్నట్టు కనిపించి, వాంతులు, చెమటలు పట్టి, అడుగు వెయ్యలేకపోతే మూలం ఎక్కువసార్లు లోపలి చెవిలో దొరుకుతుంది. మన ఇళ్ళలో ఈ బాధను పైత్యం కిందో, బీపీ కిందో, మెడ ఎముకల అరుగుదల కిందో జమకట్టేస్తారు. మెడకు పట్టీ కట్టుకుని నెలల తరబడి తిరిగే పెద్దవాళ్ళలో కొందరికి అసలు పరీక్ష చెయ్యవలసింది చెవికి.

తిరుగుడు తెచ్చే చెవి జబ్బులు చాలా ఉన్నా, వాటన్నింటి వెనకా ఒకే సూత్రం ఉంది. కుడి, ఎడమ చెవులు మెదడుకు పంపే సంకేతాల మధ్య హఠాత్తుగా తేడా వచ్చినప్పుడు లోకం తిరుగుతుంది. ఏళ్ళ మీద నెమ్మదిగా చచ్చుబడిన చెవి ఒక్కసారి కూడా తల తిప్పకపోవచ్చు. సగం దెబ్బతిని పూటకో రకంగా పనిచేసే చెవి మాత్రం మనిషిని మంచాన పడేస్తుంది.

రెండు చెవుల పొత్తు

లోపలి చెవి కణత ఎముక లోతున, గట్టి ఎముకలో తొలిచిన సొరంగాల్లో ఇమిడి ఉంటుంది. వినికిడికి కర్ణావర్తం ఉంది. సమతూకానికి మూడు అర్ధవర్తుల కుల్యలు, యుట్రికిల్, సాక్యూల్ అనే రెండు చిన్న సంచులు ఉన్నాయి. ఎముక గోడకూ లోపలి పొర గొట్టాలకూ మధ్య పరలసిక, పొర గొట్టాల లోపల అంతరలసిక అనే ద్రవాలుంటాయి. పరలసికలో సోడియం ఎక్కువ. అంతరలసికలో పొటాషియం ఎక్కువ, పరలసికలో ఉన్నదానికి దాదాపు 30 రెట్లు. ఈ రెండు ద్రవాలూ కలిసిపోకుండా చూసేది పలుచటి పొర ఒక్కటే.

తల తిప్పినప్పుడు కుల్యలోని ద్రవం జడత్వం వల్ల కొంచెం వెనకబడుతుంది. కుల్య మొదట్లో ఉబ్బెత్తుగా ఉన్నచోట అడ్డంగా నిలిచిన జిగురు పొరను ద్రవం వంచుతుంది. ఆ పొరను కుపులా అంటారు. దానిలో గుచ్చుకుని ఉన్న రోమకణాలు ఒకవైపు వంగితే నాడి సంకేతాలు పెరుగుతాయి, రెండోవైపు వంగితే తగ్గుతాయి. తల కదలనప్పుడూ ఈ నాడి ఊరకే ఉండదు. కోతులలో కొలిస్తే ఒక్కో నాడీ తంతువు సెకనుకు సుమారు 90 సంకేతాలు పంపుతూ కనిపించింది. తల కుడికి తిప్పితే కుడి చెవి లెక్క పెరుగుతుంది, ఎడమ చెవి లెక్క తగ్గుతుంది. మెదడు ఈ రెండింటి తేడాను చూసి తల ఎటు, ఎంత వేగంగా తిరిగిందో గ్రహిస్తుంది. సెకనులో నూరో వంతు కాలంలోనే కళ్ళను ఎదురు దిక్కుకు తిప్పి చూపు నిలిపి ఉంచుతుంది.

కాడికి కట్టిన ఎడ్లు సమానంగా లాగుతున్నంతసేపూ బండి తిన్నగా పోతుంది; ఒకటి ఉన్నట్టుండి ఆగిపోతే రెండోది అదే బలంతో లాగుతున్నా బండి పక్కకు తిరిగిపోతుంది. చెవుల సంగతీ అంతే. ఎడమ చెవి మూగబోయినప్పుడు కుడి చెవి మామూలుగా పంపే సంకేతాలే మెదడుకు ఎక్కువగా కనిపిస్తాయి. తల కుడికి తిరుగుతోందని మెదడు నమ్ముతుంది. కళ్ళను ఎడమకు జరుపుతుంది, అవి అంచుకు చేరగానే ఒక్క కుదుపుతో కుడికి లాగుతుంది. నిస్టాగ్మస్ అనే ఈ కంటి కుదుపును చూసే వైద్యులు ఏ చెవిలో, ఏ కుల్యలో తేడా ఉందో చెప్పగలుగుతున్నారు. సమతూకం చూసే నాడీ కేంద్రాలకు వాంతిని నడిపే కేంద్రాలతో సంబంధం ఉంది కనుక కడుపులో ఏ దోషమూ లేకుండానే వాంతులవుతాయి. పైత్యం అనే అనుమానం పుట్టింది ఇక్కడే.

చెవిలో చల్లని మందు చుక్కలు వేయించుకుని తల తిరిగినవాళ్ళకు ఈ ఏర్పాటు అనుభవమే. వియన్నాలో రాబర్ట్ బారనీ చెవులు కడుగుతున్నప్పుడు నీళ్ళు చల్లగా ఉంటే రోగి కళ్ళు ఒక దిక్కుకు, వేడిగా ఉంటే ఇంకో దిక్కుకు కుదుపుగా కదలడం గమనించారు. చల్లదనం తగిలిన చోట అంతరలసిక బరువెక్కి కిందికి దిగుతుందని, వేడికి తేలికై పైకి లేస్తుందని వివరించారు. ఈ పనికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వార్త అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నారు. ఇప్పటికీ 30, 44 డిగ్రీల సెల్సియస్ నీళ్ళతో ఈ పరీక్ష చేస్తున్నారు. 1983లో అంతరిక్షంలో స్పేస్‌ల్యాబ్‌లో చేసి చూస్తే భారరహిత స్థితిలోనూ కళ్ళు కదిలాయి. ద్రవం బరువు మారడంతోపాటు వేరే కారణమూ తోడవుతుందని దాంతో తేలింది. ఇంట్లో చుక్కలు వేసేటప్పుడు సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని ఒంటి వేడికి తెస్తే ఈ బాధ తప్పుతుంది.

రెండు చెవులూ పోతే

తేడానే తిరుగుడుకు మూలమైతే, రెండు చెవుల్లోనూ సమతూకం పూర్తిగా పోయినవాళ్ళకు తల తిరగకూడదు. నిజంగానే తిరగదు. 1950ల చివర అమెరికా నౌకాదళం, తర్వాత నాసా కలిసి గాలోడెట్ కళాశాలకు చెందిన 11 మంది బధిరులను ప్రయోగాలకు ఎంచుకున్నాయి. వారిలో ఒక్కరు తప్ప అందరూ చిన్నతనంలో మెదడు పొరల వాపు జ్వరంతో వినికిడినీ, లోపలి చెవి సమతూకాన్నీ పోగొట్టుకున్నవారే. నోవా స్కోషియా తీరం దగ్గర అల్లకల్లోలంగా ఉన్న సముద్రం మీద ఓడలో తీసుకెళితే వాళ్ళు హాయిగా పేకాడుకుంటూ కూర్చున్నారు. వాళ్ళను పరీక్షించవలసిన శాస్త్రజ్ఞులు వాంతులతో కూలబడిపోవడంతో ప్రయోగమే ఆపెయ్యాల్సి వచ్చింది.

ఇది వరమేమీ కాదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్ల వల్ల రెండు చెవుల రోమకణాలూ చచ్చిపోయినవారికి తల తిరగదు కానీ, నడుస్తుంటే ఎదుటి మనుషుల ముఖాలు, దుకాణాల బోర్డులు ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపిస్తాయి. చీకట్లో నిలదొక్కుకోలేరు. స్ట్రెప్టోమైసిన్‌తో ఇలా సమతూకం కోల్పోయిన ఒక వైద్యుడు, మంచం మీద చదువుకుంటుంటే నాడి కొట్టుకున్నప్పుడల్లా అక్షరాలు కదిలేవని 1952లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో రాశారు. క్షయకు ఏళ్ళ తరబడి ఈ ఇంజెక్షన్లు వాడిన మన దేశంలో ఈ సంగతి ఇంకా ఎక్కువమందికి తెలిసి ఉండాల్సింది.

స్థానం తప్పిన స్ఫటికాలు

చెవి వల్ల వచ్చే తిరుగుళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది చెవిలోని స్ఫటికాలు స్థానం తప్పడం వల్ల వచ్చేదే. మంచం మీద ఒత్తిగిలినప్పుడు, అటక మీద సామాను కోసం తల పైకెత్తినప్పుడు, జడ వేయించుకుంటూ తల వంచినప్పుడు గది ఒక్కసారిగా తిరిగి, నిమిషంలోపే ఆగిపోతుంది. చెవి వినికిడికి ఏమీ కాదు. యాభై దాటినవారిలో, ముఖ్యంగా ఆడవారిలో ఎక్కువ. తలకు దెబ్బ తగిలినా, జబ్బుపడి చాలా రోజులు మంచం మీదే ఉన్నా రావచ్చు.

యుట్రికిల్‌లో రోమకణాల మీద కాల్షియం కార్బనేట్ స్ఫటికాలు పరుచుకుని ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది. వాటి బరువు వల్లే తల ఎటు వాలిందో, బస్సు ఎప్పుడు వేగం అందుకుందో మనకు తెలుస్తుంది. వయసు మీద పడ్డప్పుడో, దెబ్బకో కొన్ని ఊడి కుల్యల్లోకి జారతాయి. పడుకున్నప్పుడు వెనక కుల్య నోరు అనువైన చోట ఉండడంతో నూటికి ఎనభై మందికి పైగా ఆ కుల్యలోకే చేరతాయి. ఇక తల స్థితి మార్చినప్పుడల్లా స్ఫటికాలు కిందికి జారుతూ ద్రవాన్ని లాగుతాయి, ద్రవం కుపులాను వంచుతుంది. తల ఆగినా ఆ చెవి మాత్రం ‘తిరుగుతున్నాను’ అంటూనే ఉంటుంది. తల వాల్చిన రెండు మూడు సెకన్ల తర్వాత గాని తిరుగుడు మొదలు కాకపోవడానికి స్ఫటికాలు కదలడం ఆరంభించే వ్యవధే కారణం. అవి అడుగుకు చేరి ఆగగానే తిరుగుడూ ఆగుతుంది.

ఈ మాట తేలడానికి చాలా కాలం పట్టింది. తల ఒక పక్కకు తిప్పి, వెనక్కి వాల్చి, కంటి కుదుపును పట్టుకునే పరీక్షను లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో వివరించారు. స్ఫటికాలు కుపులాకు అతుక్కుని దాన్ని బరువెక్కిస్తున్నాయని 1969లో హెరాల్డ్ షుక్‌నెక్ట్ అన్నారు. అతుక్కుంటే తిరుగుడు నిమిషంలో ఆగకూడదు కదా అన్న ప్రశ్న మిగిలింది. స్వేచ్ఛగా తేలుతున్నాయన్న వాదన 1979లో వచ్చింది. అమెరికాలో పోర్ట్‌లాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ ఒక అడుగు ముందుకు వేశారు. తేలుతున్న స్ఫటికాలను తల తిప్పుతూ వచ్చిన దారినే యుట్రికిల్‌లోకి పంపవచ్చన్నారు. మందు లేదు, కత్తి లేదు. తలను నాలుగైదు స్థితుల్లో, ఒక్కోదాంట్లో అర నిమిషమో నిమిషమో ఉంచితే చాలు. 1980లో ఆయన చేసి చూపించినప్పుడు తోటి వైద్యులు నమ్మలేదు. వ్యాసం అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. అదే ఏడు కెనడా శస్త్రవైద్యులు వెనక కుల్యను తెరిచినప్పుడు లోపల తేలుతున్న రేణువులు వాళ్ళ కళ్ళబడ్డాయి.

ఎప్లీ పద్ధతితో ఎక్కువమందికి ఒకటి రెండు సార్లకే గుణం కనిపిస్తుంది. అయినా ఈ జబ్బుకు నెలల తరబడి మాత్రలు వాడించడం ఇప్పటికీ చూస్తున్నాం. స్థానం తప్పిన స్ఫటికాన్ని ఏ మాత్రా తిరిగి చోటికి చేర్చలేదు. ఏ చెవి, ఏ కుల్య అని పరీక్షలో తేల్చుకున్నాకే తిప్పాలి. వీడియో చూసి ఏదో ఒక పక్కకు తల తిప్పుకుంటే స్ఫటికాలు వేరే కుల్యలోకి జారే వీలుంది. ఈ తిరుగుడు కొందరికి మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒంట్లో డి విటమిన్ తక్కువగా ఉన్నవారికి దాన్ని, కాల్షియాన్ని ఇస్తే తిరగబెట్టడం తగ్గిందని దక్షిణ కొరియాలో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2020లో చూపింది.

తాగి పడుకున్నవాళ్ళకు మంచం తిరగడం మాత్రం కుపులా బరువే మారడం వల్ల. మద్యం రక్తంలోంచి ముందు కుపులాలోకి చేరి దాన్ని చుట్టూ ఉన్న ద్రవం కన్నా తేలిక చేస్తుంది. కొన్ని గంటలకు ద్రవంలోనూ చేరి సమానమవుతుంది. తర్వాత కుపులాలోంచి ముందుగా బయటికి పోవడంతో తెల్లవారి తిరుగుడు ఎదురు దిక్కులో వస్తుంది.

మెనియర్ జబ్బు

ఒక చెవి దిబ్బెడ వేసినట్టవుతుంది, హోరు మొదలవుతుంది, వినికిడి మందగిస్తుంది. ఆ వెంటనే లోకం తిరగడం మొదలై గంటల పాటు ఆగదు. 2015లో అంతర్జాతీయంగా కుదుర్చుకున్న కొలత ప్రకారం ఒక్కోసారి 20 నిమిషాల నుంచి 12 గంటల వరకు ఉంటుంది. తర్వాత అన్నీ సర్దుకుంటాయి, మనిషి మామూలవుతాడు. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ తెలియకపోవడమే రోగిని తిరుగుడు కన్నా ఎక్కువ బాధ పెడుతుంది. పెళ్ళికి వెళ్ళాలన్నా, బండి నడపాలన్నా భయమే. ఏళ్ళు గడిచేకొద్దీ ముందుగా మంద్ర స్వరాల వినికిడి, తర్వాత మిగిలినదీ తగ్గిపోతుంది.

పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా ఇలాంటివారికి మెదడులో రక్తం ఎక్కువై పేరుకుపోతోందని ఐరోపా వైద్యులు నమ్మి, నెత్తురు తీసేవారు, జలగలు పట్టించేవారు. పారిస్‌లోని బధిరుల సంస్థ వైద్యుడు ప్రాస్పర్ మెనియర్ 1861 జనవరిలో అక్కడి వైద్య అకాడమీ ముందు దీన్ని కాదన్నారు. మూలం మెదడులో లేదు, లోపలి చెవిలో ఉందన్నారు. ఆయన చేతిలో రెండు ఆధారాలున్నాయి. పావురాల అర్ధవర్తుల కుల్యలు కోస్తే అవి తల తిప్పుతూనే ఉంటాయని 1824 నాటికే శాస్త్రజ్ఞుడు ఫ్లూరెన్స్ చూపించారు. చలిరాత్రి బగ్గీ పైన ప్రయాణించి, హఠాత్తుగా చెవుడు, తిరుగుడు వచ్చి ఐదో రోజున మరణించిన ఒక యువతిని మెనియర్ స్వయంగా పరీక్షించారు. ఆమె మెదడు బాగానే ఉంది, కుల్యల్లో ఎర్రని స్రావం కనిపించింది. ఆమెకు ఉన్నది నేడు మనం మెనియర్ జబ్బు అనేది కాదనే వైద్య చరిత్రకారులు భావిస్తున్నారు. అయినా ఆయన పట్టిన దారి సరైనది. మరుసటి ఏడాదే కన్నుమూశారు. తన మాట నెగ్గడం చూడలేదు.

చెవిలో అసలేం జరుగుతోందో 1938లో కనిపించింది. లండన్‌లో హాల్‌పైక్, కెయిర్న్స్, జపాన్‌లో యమకావా మరణించిన రోగుల కణత ఎముకలను వేర్వేరుగా పరిశీలించి, అంతరలసిక పెరిగి పొర గొట్టాలు ఉబ్బిపోయి ఉన్నట్టు కనుగొన్నారు. అంతరలసిక తయారీకీ, దాన్ని పీల్చుకునే అంతరలసిక సంచి పనికీ మధ్య పొందిక తప్పిందన్నమాట. ఉబ్బిన పొర చిరిగి పొటాషియం నిండిన ద్రవం బయటి ద్రవంలో కలుస్తుందని, నాడీ తంతువులు ముందు ఉద్రేకించి ఆ వెంటనే మూగబోతాయని షుక్‌నెక్ట్ వివరించారు. పొర అతుక్కుని లవణాలు సర్దుకునేదాకా తిరుగుడు ఉంటుందన్నారు. తిరుగుడు మొదట్లో కంటి కుదుపు చెడ్డ చెవి వైపు ఉండి, కాసేపటికి మంచి చెవి వైపు మారడం ఈ మాటకు సరిపోతుంది. అయితే చిరుగు ప్రతి రోగిలోనూ కనిపించలేదు. పొరలు ఉబ్బి కూడా ఏ బాధా లేనివారూ ఉన్నారు. ఉబ్బు ఒక్కటే జబ్బు కాదని, దానికి తోడు మరేదో కావాలని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. 2007లో నగోయా వైద్యులు గాడోలినియం మందుతో బతికున్న రోగుల చెవుల్లోనే ఈ ఉబ్బును ఎంఆర్ఐలో చూపించారు.

అమెరికా తొలి వ్యోమగామి అలాన్ షెపర్డ్‌ను 1960లలో ఈ జబ్బే నేలకు కట్టిపడేసింది. 1968లో లాస్ ఏంజెలిస్‌లో విలియం హౌస్ అంతరలసిక సంచి నుంచి సన్నని గొట్టం వేసి ద్రవానికి దారి చేశారు. 1971 ఫిబ్రవరిలో షెపర్డ్ అపోలో 14లో వెళ్ళి చంద్రుడి మీద నడిచారు. ఆ శస్త్రచికిత్సకు దీంతో గొప్ప పేరొచ్చింది. కానీ 1981లో డెన్మార్క్ వైద్యులు కొందరికి గొట్టం వేసి, కొందరికి ఎముక మాత్రం తొలిచి పోల్చి చూస్తే రెండు వర్గాలకూ దాదాపు ఒకేలా నయమైంది. తనంతట తాను తగ్గుతూ పెరుగుతూ ఉండే జబ్బులో ఏ చికిత్స పనిచేసిందో తేల్చడం అంత కష్టం. మన దగ్గర విరివిగా రాసే బీటాహిస్టిన్ మాత్ర కూడా 2016లో అచ్చయిన జర్మన్ అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. ఉప్పు తగ్గించమనడానికి గట్టి రుజువు లేకపోయినా నష్టం లేదు కనుక చాలామంది వైద్యులు ఊరగాయలు, అప్పడాలు, వడియాలు మానమంటారు.

దేనికీ లొంగనప్పుడు చెవి డ్రమ్ము వెనకకు జెంటామైసిన్ ఎక్కిస్తారు. సమతూకపు రోమకణాలు చచ్చిపోయి తిరుగుడు ఆగిపోతుంది. రోగి కొన్ని వారాలు తూలుతాడు, తర్వాత మెదడు ఒక్క చెవితోనే సర్దుకుంటుంది. వినికిడికి కొంత ప్రమాదం ఉన్నందున దీన్ని చివరి దారుల్లోనే ఉంచుతారు.

నాడి వాపు, ఎముక కన్నాలు

రోజుల తరబడి విడవని తిరుగుడు వస్తే, వినికిడి బాగుంటే, సమతూకపు నాడి వాచిందని అనుమానిస్తారు. జలుబు జ్వరం తర్వాత తరచుగా వస్తుంది. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ నాడిలో నిద్రలేవడమే కారణమని చాలామంది భావన. నాడి పైకొమ్మ పొడవైన ఇరుకు ఎముక సందులోంచి పోతుంది కనుక వాచినప్పుడు అదే ఎక్కువ నలుగుతుంది. వినికిడి కూడా పోతే వాపు చెవి మొత్తానికీ పాకినట్టు. మొదటి రెండు మూడు రోజులు వాంతులు, తిరుగుడు ఆపే మందులు తప్పవు. వాటిని అంతకు మించి కొనసాగిస్తే తేడాకు అలవాటుపడే పని మెదడు ఆలస్యం చేస్తుంది. లేచి నడవడం, చూపు ఒకచోట నిలిపి తల ఆడించే వ్యాయామాలు దాన్ని తొందరపెడతాయి.

చీము కారే చెవిని పట్టించుకోకపోతే లోపల పేరుకునే కొలెస్టియటోమా అనే పొరల గడ్డ ఎముకను తినేస్తూ పక్క కుల్య మీద కన్నం చేస్తుంది. అప్పుడు చెవి రంధ్రాన్ని వేలితో నొక్కినా తల తిరుగుతుంది. మన దేశంలో చెవిలో చీము ఇంకా మామూలు సంగతే, అందుకే ఈ గుర్తు ప్రతి కుటుంబానికీ తెలియాలి: చీము కారే చెవితోపాటు తిరుగుడు వస్తే ఆలస్యం చెయ్యకూడదు, ఇన్ఫెక్షన్ లోపలి చెవికి, అక్కడినుంచి మెదడు పొరలకు పోవచ్చు.

మరికొందరికి పై కుల్య మీది ఎముక పలుచబడి తెరుచుకుని ఉంటుంది. శబ్దపు ఒత్తిడి ఆ కొత్త కిటికీలోంచి కుల్యలోకి మళ్ళడంతో గట్టి చప్పుడుకు, తుమ్ముకు, దగ్గుకు లోకం వంగుతుంది. తమ కనుగుడ్లు కదిలిన చప్పుడు తమకే వినబడుతుందని చెప్పేవారున్నారు. ఈ జబ్బును 1998లో బాల్టిమోర్‌లో లాయిడ్ మైనర్ బృందం గుర్తించేదాకా ఇలాంటివారి మాట ఎవరూ నమ్మేవారు కాదు. పావురాల కుల్యలకు కన్నం పెడితే శబ్దానికి తల తిప్పుతాయని ఇటలీలో టులియో 1929 నాటికే రాసి ఉన్నారు.

చెవిలా కనిపించేవి

పార్శ్వనొప్పి ఉన్నవాళ్ళకు తలనొప్పి లేకుండా కూడా గంటల కొద్దీ తిరుగుడు రావచ్చు, మెనియర్ జబ్బని పొరబడేది ఎక్కువగా దీన్నే. అన్నిటికన్నా భయపడవలసింది మెదడు వెనక భాగంలో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం. అది నాడి వాపులాగే ఉంటుంది. రోగి చూపు వైద్యుడి ముక్కు మీద నిలిపి ఉంచగా తలను ఒక్కసారి చటుక్కున తిప్పితే, చెవి దెబ్బతిన్నవాడి కళ్ళు తలతోపాటు జారి మళ్ళీ వెనక్కి దూకుతాయి. పక్షవాతంలో చాలాసార్లు కళ్ళు కదలకుండా నిలిచే ఉంటాయి. నిరంతరంగా తల తిరుగుతున్న మనిషిలో ఈ ‘మామూలు’ ఫలితమే ప్రమాద సూచన. కంటి కుదుపు చూసే దిక్కును బట్టి మారడం, ఒక కన్ను పైకి ఒకటి కిందికి ఉండడం కూడా మెదడునే చూపుతాయి. తిరుగుడుతోపాటు మాట ముద్దగా రావడం, చెయ్యి పట్టు తప్పడం, ముఖం మొద్దుబారడం, ఆనుకున్నా కూర్చోలేకపోవడం వంటివి ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఎంఆర్ఐ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ భాగంలో వచ్చే పక్షవాతం తొలి గంటల్లో సీటీ స్కాన్‌కు తరచుగా దొరకదు, మొదటి రోజున ఎంఆర్ఐ కూడా కొన్నిసార్లు బాగానే ఉందని చెబుతుంది.